నీరా పులుపు, తేగ పీచు, మొవ్వు కుళ్లు: తాడిచెట్టు మీద మీ ప్రశ్నలు

తాడిచెట్టు గురించి ప్రశ్నలు పంపమని అడిగితే కోనసీమ నుంచి, లంక గ్రామాల నుంచి, నరసాపురం, భీమవరం వైపు నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాళ్ల ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా వేశాం. చాలామంది ఇబ్బంది దగ్గరదగ్గర ఒకటే. తాడి ఇచ్చే ప్రతిదానికీ ఒక వేళ ఉంది, ఆ వేళ దాటిపోయాక దాన్ని బాగుచెయ్యాలని చూస్తున్నారు. నీరా, అంటే గెల కోస్తే కారే తియ్యని రసం విషయంలో అది గంటల్లో తేలిపోతుంది. తేగ విషయంలో నెలలు పడుతుంది.

ప్రశ్న: చేను గట్టు మీది పోతుతాళ్లు (మగ తాడిచెట్లు) గీయిస్తున్నాం. తెల్లారగట్ల దించిన నీరా తియ్యగా ఉంటుంది, పది గంటలయ్యేసరికి పులుస్తోంది. సున్నం పూస్తే ఎందుకు పులవదు? పిల్లలకు ఇవ్వొచ్చా? (రావులపాలెం)

గెల కోసిన చోట బొట్టుబొట్టుగా కారేటప్పుడు నీరాలో పులుపూ ఉండదు, మత్తూ ఉండదు. పీహెచ్ 7కు దగ్గరగా ఉంటుంది. నూటికి 10 నుంచి 13 పాళ్ల దాకా చక్కెర ఉంటుంది. తీపి ఉన్నచోటికి ఈస్టు, బాక్టీరియా చేరడానికి ఎంతోసేపు పట్టదు. గాల్లోంచి వస్తాయి, గెల కోత మీద నుంచి వస్తాయి. అన్నిటికన్నా ఎక్కువగా నిన్నటి లొట్టి (నీరా పట్టే కుండ) అడుగున మిగిలిన మడ్డిలోంచి వస్తాయి. అవి ముందు చక్కెరను విడగొడతాయి, తరవాత దాన్ని ఆల్కహాలుగా మారుస్తాయి. ఇంకా ఉంచితే అది వెనిగర్ పులుపు అవుతుంది. ఎండ పొడ తగిలిందంటే ఈ పని మరీ జోరందుకుంటుంది. పదింటికి మీ చేతిలో ఉన్నది కల్లు, దాన్ని నీరా అనడానికి లేదు.

సున్నం క్షారం. లొట్టి లోపల సున్నం ఉంటే ఆ సూక్ష్మజీవులకు బతుకు తెరువుండదు, అందుకే పులవదు. ఎలా పూయాలంటే, ముందు లొట్టిని వేడినీళ్లతో కడిగి బోర్లించి పూర్తిగా ఆరబెట్టండి. తడి లొట్టికి సున్నం అంటదు, జారి అడుగుకు చేరిపోతుంది. తడిపి ఆరిన సున్నాన్ని పెరుగులా కలిపి లోపలి గోడలకు, అడుగుకు పలచగా పూయండి. ప్రతి సాయంత్రమూ కొత్తగా పూయాలి. నిన్న పూసిన పూత మీద నీరా పట్టడమే సగం చోట్ల జరుగుతున్న పొరపాటు. దించిన నీరాను గంటసేపు కదపకుండా ఉంచితే సున్నం అడుగుకు దిగుతుంది. పై తేట మాత్రం పలచని నూలుగుడ్డలో వడగట్టుకోండి. తాగినప్పుడు నాలుక చురచురమంటే సున్నం ఎక్కువైనట్టు.

పీహెచ్ కాగితం మందుల షాపులోనో, ఆక్వా సామాను అమ్మే చోటనో దొరుకుతుంది. 6 కన్నా తక్కువ చూపిస్తే పులియడం మొదలైందని అర్థం. కాగితం లేకపోతే గిన్నెలో పోసి చూడండి. తాజా నీరా మీద వచ్చిన నురుగు కాసేపటికి అణిగిపోతుంది. పులుస్తున్న దానిలో అడుగు నుంచి సన్నని బుడగలు పైకి వస్తూనే ఉంటాయి.

పిల్లల సంగతికి వస్తే, సూర్యోదయానికి ముందు దించి, వెంటనే వడగట్టి, ఐసులో పెట్టిన నీరా అయితే రెండు మూడు గంటల్లోపు ఇవ్వొచ్చు. బుడగలొచ్చిందాన్ని కాచి ఇస్తామన్నా వద్దు. కాస్తే ఆల్కహాలు అంతా పోదు. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. గబ్బిలాలు రాత్రిళ్లు గెలను నాకుతాయి, లొట్టిలో రెట్ట వేస్తాయి. బంగ్లాదేశ్‌లో ఈతచెట్టు నీరా పచ్చిగా తాగినవాళ్లకు నిపా వైరస్ సోకింది ఈ దారినే. గెల కోత, లొట్టి మూతి రెండూ కప్పేలా దోమతెర గుడ్డ గానీ సన్న అల్లిక ఉన్న తడిక గానీ కట్టించండి. కట్టని చెట్టు నీరా అయితే పొంగు వచ్చేదాకా కాచి చల్లార్చి తాగాలి. అది కూడా పొద్దున్నే కాచాలి, పులిశాక కాదు.

ప్రశ్న: ఆ నీరాతోనే బెల్లం వండితే అచ్చు గట్టిపడక తీగలా సాగుతోంది. పాకం తక్కువైందా? (ఆత్రేయపురం దగ్గర నుంచి)

పాకం కన్నా నీరానే అనుమానించాలి. పులియడం మొదలైన నీరాలో చక్కెర రెండుగా విడిపోయి ఉంటుంది. విడిపోయిన చక్కెర పలుకు కట్టదు, ఎంతసేపు కాచినా జిగురుగానే ఉంటుంది. దాన్ని గట్టిపరచాలని ఇంకా మంట పెడితే మాడి చేదెక్కుతుంది. బెల్లానికి సున్నపు లొట్టి నీరానే వాడండి, దించిన వెంటనే పొయ్యి ఎక్కించండి. సున్నం మరీ ఎక్కువైతే బెల్లం నల్లబడి, నోట్లో ఉప్పదనం వస్తుంది. అందుకే తేట మాత్రమే పెనంలో పోయాలి. చల్లటి నీళ్లలో ఒక చుక్క వేస్తే గట్టి ఉండ కట్టి, గిన్నెకేసి కొడితే టంగుమనాలి. అప్పుడు దించి, చెక్క తెడ్డుతో పలుకు వచ్చేదాకా తిప్పి అచ్చుల్లో పోయండి. నూటికి 12 పాళ్ల చక్కెర ఉన్న నీరా అయితే కిలో బెల్లానికి 8 లీటర్ల పైన పడుతుంది. కట్టెల ఖర్చు లెక్కేసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ప్రశ్న: నాన్నగారికి షుగర్. తాటిబెల్లం తింటే పెరగదని, రక్తం పడుతుందని చెబుతున్నారు. నిజమా? అసలు బెల్లమని ఎలా తెలుసుకోవాలి? (అమలాపురం)

పెరుగుతుంది. తాటిబెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజే, అంటే చెరకు బెల్లంలోనూ పంచదారలోనూ ఉన్నదే. ఖనిజాలు పంచదార కన్నా ఎక్కువ, అంతవరకు నిజం. అయితే షుగర్ ఉన్నవాళ్లు దాన్ని తీపిగానే లెక్కపెట్టాలి. "తాటిబెల్లమే కదా" అని కాఫీలో రెండు చెంచాలు వేసుకునేవాళ్లకు మీటరు మీద తేడా కనిపించి తీరుతుంది. ఇనుము ఉంది గానీ, రక్తహీనతను తీర్చడానికి రోజూ తినగలిగే మోతాదు చాలదు. డాక్టరు ఐరన్ మాత్రలు రాస్తే వాటిని ఆపి బెల్లం మొదలుపెట్టకండి.

కల్తీ గురించి కూడా చాలామంది రాశారు. రంగు నల్లగా ఉంటే అసలుదనీ, నీళ్లలో నెమ్మదిగా కరిగితే అసలుదనీ చెబుతుంటారు. తాటి, చెరకు బెల్లాలు రెండింటిలోనూ ఉన్నది ఒకే చక్కెర కాబట్టి వంటింటి పరీక్షలతో తేలదు. రంగు కలపొచ్చు, పాకం మార్చొచ్చు. గీత సాగే మాఘం నుంచి వైశాఖం దాకా గీసేవాళ్ల దగ్గరే వండించుకుని ఏడాదికి సరిపడా దాచుకోవడం ఒక్కటే నమ్మకమైన దారి. గాలి చొరని డబ్బాలో పెట్టండి. ఈ బెల్లం చెమ్మ లాగేసుకుంటుంది, శ్రావణంలో చెమర్చి బూజు పడుతుంది.

దగ్గుకు తాటి కలకండ, బెల్లం వాడడంలో తప్పులేదు. గ్లాసు నీళ్లలో అర చెంచా శొంఠిపొడి, దంచిన నాలుగు మిరియాలు వేసి సగమయ్యేదాకా మరిగించి, దించాక చిన్న ముక్క బెల్లం కలిపి గోరువెచ్చగా తాగితే గొంతుకు హాయిగా ఉంటుంది. రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే కషాయాలు మార్చుతూ కూర్చోవద్దు, కళ్లె పరీక్ష చేయించాలి. పోతు గెలలు కాల్చిన బూడిదను కడుపులో మంటకు తినొచ్చా అని ఒకరు అడిగారు. ఆయుర్వేదంలో తాళపుష్ప క్షారం ఉంది. అది మోతాదు తెలిసిన వైద్యుడు ఇవ్వాల్సిన మందు. ఇంట్లో కాల్చిన బూడిద గాఢమైన క్షారం, పేగును కాల్చగలదు. తినొద్దు.

ప్రశ్న: రెండేళ్లుగా తేగల పాతర (టెంకలు పరిచి మట్టి కప్పే మడి) వేస్తున్నాం. ఒక ఏడు పెన్సిళ్లలా సన్నగా, వంకరగా వచ్చాయి. పోయినేడు లావుగానే వచ్చాయి గానీ నమలలేనంత పీచు. ఒక చివర కుళ్లు కూడా ఉంది. ఎక్కడ తప్పుతోంది? (కొత్తపేట, ముమ్మిడివరం, పెనుగొండ నుంచి ఇంచుమించు ఇవే ప్రశ్నలు)

ముందు తేగ ఎలా తయారవుతుందో చూద్దాం, అప్పుడు తప్పు ఎక్కడో దానంతటదే కనిపిస్తుంది. టెంకలో రాయిలాంటి తెల్లటి పప్పు ఉంటుంది. మొలక వచ్చాక లోపల గుంజు పెరుగుతూ ఆ పప్పును కొద్దికొద్దిగా కరిగించి తినేస్తుంది. కరిగిన సత్తువంతా మొలక కాడలోకి దిగి పిండిపదార్థంగా నిలవ ఉంటుంది. ఆ కాడే తేగ. అది ముందు నేలలోకి నిట్టనిలువునా దిగుతుంది, ఆకు పైకి రావడం తరవాతి మాట. అంటే తేగ లావు టెంకలోని సత్తువ మీద ఆధారపడుతుంది, దాని తీరు కింద ఉన్న మట్టి మీద ఆధారపడుతుంది.

సన్నగా, వంకరగా వచ్చాయంటే కింద నేల గట్టిగా ఉంది. మన డెల్టా నల్లమట్టి తడిస్తే బంకలా, ఆరితే రాయిలా ఉంటుంది. తేగ దాన్ని పొడుచుకుని దిగలేక పక్కలకు తిరుగుతుంది, కొన్ని రెండుగా చీలతాయి కూడా. లంక ఇసుక రెండు పాళ్లు, చెరువు ఒండ్రు గానీ చివికిన పెంట గానీ ఒక పాలు కలిపి నేల మీదే రెండున్నర అడుగుల ఎత్తు మడి కట్టండి. గొయ్యి తవ్వి అందులో వేయడం డెల్టాలో పనికిరాదు, నీరు ఊరుతుంది. వెడల్పు నాలుగు అడుగులు దాటనివ్వకండి, తీసేటప్పుడు రెండు వైపుల నుంచి చెయ్యి అందాలి. చుట్టూ జానెడు లోతు బోదె తీసి వాననీరు పోయేలా చూడండి. మీ తేగ చివర కుళ్లడానికి కారణం మడి అడుగున నిలిచిన నీరే.

టెంకలు శ్రావణ భాద్రపదాల్లో చెట్టు తానుగా రాల్చిన పండ్లవే కావాలి. గుజ్జు పిసికి తీసేసినవైనా ఫర్వాలేదు, తేగ సత్తువ గుజ్జులో లేదు. పోగుపెట్టి వారాలు ఉంచితే పోగులోనే మొలకలు వస్తాయి. వాటిని పాతరలో పరిచేటప్పుడు మొలక విరుగుతుంది, ఆ టెంక ఇక దండగే. పోగుపడిన మూడు వారాల్లోపు మడిలో పడాలి. ఒకదానికొకటి తగిలేలా ఒకే వరసగా పరవండి. 4 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు మడిలో దగ్గరదగ్గర 350 టెంకలు పడతాయి. ఏ వైపు తిప్పి పెట్టినా మొలక కిందికే వంగుతుంది, దాని గురించి బెంగ అక్కర్లేదు. పైన రెండంగుళాల మట్టి, దాని మీద ఎండు తాటాకు గానీ గడ్డి గానీ కప్పండి. వానలు లేని వారం ఒక తడి చాలు. పందికొక్కులు, పందులు తవ్వకుండా చుట్టూ తుమ్మకంప వేయాలి.

ఇక పీచు. మీరు ఆలస్యంగా తవ్వారు. భాద్రపదంలో వేసిన పాతర నాగులచవితికి తవ్వితే బుర్రగుంజు, అంటే టెంకలోని గుంజు తియ్యగా, కరకరలాడుతూ ఉంటుంది, తేగ మాత్రం ఇంకా బక్కగా ఉంటుంది. పుష్యమాసానికి తేగ నిండుతుంది, అప్పటికి గుంజు సత్తువ పోయి సబ్బులా చప్పబడుతుంది. రెండూ ఒకే పాతర నుంచి కావాలంటే కుదరదు. నాగులచవితికి ఒక చిన్న మడి, సంక్రాంతికి ఒక పెద్ద మడి విడిగా వేసుకోండి. సంక్రాంతి దాటి మాఘంలోకి వెళ్తే తేగ నడుమ ఉన్న మొలక, అదే మనం చందమామ అని తీసి తినేది, ఆకుగా విచ్చుకోవడం మొదలుపెడుతుంది. దాని కోసం పిండి ఖర్చవుతుంది, పీచు మిగులుతుంది. మార్గశిరం చివర మడి ఒక మూల ఒక తేగను తీసి విరిచి చూడండి. ఫట్టున విరిగి తెల్లటి పాలపొడి కనబడితే తవ్వొచ్చు. వంగి పీచు లాగితే ఆ రోజే మొత్తం తీసేయండి.

పచ్చి తేగ తినొద్దు, పిల్లలకు అసలు ఇవ్వొద్దు. పచ్చి తేగపిండిని ఎలుకలకు మేపిన పరిశోధనల్లో నరాలకు, కాలేయానికి హాని కనబడింది. ఉప్పు, చిటికెడు పసుపు వేసి మునిగేలా నీళ్లు పోసి ముప్పావు గంట ఉడికించి, ఆ నీళ్లు పారబోయండి. కాల్చిన తేగ రుచే వేరు. కుండలో తేగలు నిలువుగా బిగించి, మూతికి తడిగడ్డి కుక్కి, బోర్లించి చుట్టూ తాటాకు మంట వేస్తే అరగంట పైన పడుతుంది. ఉడికించినవి రెండో రోజుకు జిగురు పట్టి పాచిపోతాయి. ఎక్కువుంటే చక్రాలుగా కోసి నాలుగైదు ఎండలు పెట్టి దాచండి.

ప్రశ్న: తాటిరొట్టె వేస్తే ఒకసారి తియ్యగా, ఒకసారి చేదుగా వస్తోంది. బెల్లం పెంచినా చేదు పోవడం లేదు. (రాజోలు)

చేదు పండులోనే ఉంది, బెల్లంతో దాన్ని కప్పలేరు. తాటిగుజ్జులో సాపోనిన్ల జాతి చేదు పదార్థాలు ఉంటాయి, ఏ చెట్టులో ఎంత అన్నది ఆ చెట్టుకే తెలుసు. మీ చుట్టుపక్కల ఏ చెట్టు పండు తియ్యనో ఒకసారి గుర్తుపెట్టుకుని ఏటా దాని కిందే ఏరుకోండి. రాలిన పూటే వాడాలి. రాత్రి రాలిన పండు మర్నాటి సాయంత్రానికి పులిసి, పురుగు చేరుతుంది.

నల్లతొక్క ఒలిచి, టెంకలు విడదీసి, గిన్నె మీద చిల్లుల పళ్లెం బోర్లించి దాని మీద రుద్దండి. నీళ్లు పోసి పిసికితే పని తొందరగా అవుతుంది గానీ పీచులోని చేదంతా దిగుతుంది. తీసిన గుజ్జును పలచని గుడ్డలో మూటకట్టి రెండు గంటలు వేలాడదీయండి. కారే నీళ్లలో చేదు చాలావరకు పోతుంది. రెండు కప్పుల గట్టి గుజ్జుకు రెండు కప్పుల బియ్యపు రవ్వ, ముప్పావు నుంచి ఒక కప్పు బెల్లం తురుము, అర కప్పు కొబ్బరి కోరు, చిటికెడు ఉప్పు. రవ్వ నానడానికి గంట వదిలేయాలి. మందపాటి మూకుడులో నూనె రాసి రెండంగుళాల మందాన వేసి, సన్నసెగ మీద మూతపెట్టి ముప్పావు గంట. మూత మీద నాలుగు నిప్పులు వేస్తే పైపొర కూడా ఎర్రగా వస్తుంది. మధ్యలో పచ్చిగా ఉండిపోతోందంటే రవ్వ నానలేదు, లేదా సెగ ఎక్కువైంది.

ప్రశ్న: ముంజెలు తిన్న రాత్రి మా అబ్బాయికి కడుపునొప్పి వస్తోంది. (తణుకు)

ముదురు ముంజెలు తింటున్నాడు. లేతప్పుడు జెల్లీలా ఉండే పదార్థమే రోజురోజుకూ గట్టిపడి చివరికి రాయిలాంటి పప్పవుతుంది. ఆ నడిమి దశలో అది అరగదు. వేలితో నొక్కితే లోపల నీళ్లు కదలాలి, అంచు కూడా మెత్తగా ఉండాలి. కొబ్బరిలా తునిగితే పెట్టకండి. పొట్టు వగరుగా ఉంటుంది, పిల్లలకు ఒలిచి ఇవ్వండి. ఎండలో బండి మీద ఒలిచి పెట్టినవాటి కన్నా కళ్ల ముందు కాయ చెక్కి తీసినవి తినిపించడం మంచిది.

ప్రశ్న: చెరువు గట్టు మీద తాడిచెట్ల మొవ్వాకు (తల నడుమ లేతాకు) పసుపు రంగుకు తిరిగి వాలిపోతోంది. పక్కనే మా కొబ్బరితోట. దానికి అంటుకుంటుందా? (అంబాజీపేట)

అంటుకుంటుంది, ఆలస్యం చెయ్యకండి. మొవ్వాకును పట్టి లాగి చూడండి. సులువుగా ఊడి వచ్చి, మొదలు మెత్తగా కుళ్లి దుర్వాసన వస్తే అది మొవ్వు కుళ్లు. ఆకులు కత్తిరించినట్టు త్రికోణాకారంగా తెగి ఉండి, రంధ్రం దగ్గర నమిలిన పీచు కనబడితే అది కొమ్ముపురుగు పని. రెండూ కలిసి ఉండటమూ మామూలే, పురుగు చేసిన గాయంలోంచి తెగులు సులువుగా చేరుతుంది.

మొవ్వు కుళ్లుకు కారణం ఫైటాఫ్తొరా అనే శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి. ఇది మన డెల్టాకు కొత్త కాదు. 1900 తరవాతి తొలి సంవత్సరాల్లో గోదావరి జిల్లాలో తాళ్లు ఈ తెగులుతో వరసగా చనిపోతుంటే ఇ.జె. బట్లర్ అనే శాస్త్రవేత్త వచ్చి పరిశోధించారు. తెగులు సోకిన చెట్ల తలలు నరికించి కాల్చే పనిని అప్పటి ప్రభుత్వం చేపట్టింది. ఇప్పటికీ చచ్చిన చెట్టుకు అదే విధి. తాడికైనా కొబ్బరికైనా పెరిగే మొగ్గ ఒక్కటే. అది కుళ్లిపోతే చెట్టు తిరిగి చిగురించదు. దాన్ని అలా నిలబెట్టి ఉంచితే వానజల్లు, గాలి కలిసి తెగులును పక్క తోటలోకి మోసుకెళ్తాయి.

మొదటి దశలో అయితే కాపాడొచ్చు. కుళ్లిన భాగాన్ని ఆరోగ్యమైన తెల్లటి కండ కనబడేదాకా కోసి తీసేయండి, కోసిన ముక్కలు కింద వదలకుండా కాల్చండి. గాయానికి 10 శాతం బోర్డో పేస్టు పూయాలి. లీటరు నీటికి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 100 గ్రాములు, సున్నం 100 గ్రాములు. వాన పడకుండా పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, కొత్త మొవ్వు వచ్చేదాకా ఉంచండి. చుట్టుపక్కల ఉన్న తాళ్లకూ కొబ్బరికీ వానలకు ముందొకసారి, వానలు తగ్గాక ఒకసారి 1 శాతం బోర్డో మిశ్రమం మొవ్వు చుట్టూ ఆకుల మొదళ్లు తడిసేలా కొట్టండి. 10 లీటర్లకు 100 గ్రాముల మైలుతుత్తాన్ని 5 లీటర్లలో, 100 గ్రాముల సున్నాన్ని వేరే 5 లీటర్లలో కరిగించి, తుత్తం నీళ్లను సున్నం నీళ్లలోకి కలుపుతూ పోయాలి. ప్లాస్టిక్ బకెట్లే వాడండి. కలిపాక ఒక ఇనుప కత్తిని నిమిషం ముంచి తీయండి. ఎర్రటి రాగి పూత పట్టిందంటే సున్నం చాలలేదు, ఆకులు మాడతాయి. ఇంకాస్త సున్నపుతేట కలపండి. ఏ రోజు కలిపింది ఆ రోజే కొట్టేయాలి. మీ ఊళ్లోనే ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, ఊడొచ్చిన మొవ్వును సంచిలో వేసుకుని అక్కడ చూపించండి. తాడి మీద పరిశోధన చేసే కేంద్రం మాత్రం రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉంది.

ప్రశ్న: రొయ్యల చెరువులకు గట్లు వేస్తూ తాళ్లన్నీ కొట్టేస్తున్నారు. మళ్లీ నాటుదామంటే సంచుల్లో పెంచిన మొక్కలు బతకడం లేదు. పిడుగులకు కూడా తాళ్లు అడ్డమంటారు, నిజమేనా? (భీమవరం, కాళ్ల)

నాటాలనుకోవడం మంచి పని. తాడి మొదలు నుంచి సన్నని వేళ్లు కుచ్చులుగా గట్టులోకి అల్లుకుని మట్టిని పట్టి ఉంచుతాయి. 1996 నవంబరు 6 తుపానుకు కోనసీమలో కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. గట్టి బెరడు, పొట్టి విసనకర్రాకుల తల ఉన్న తాడి గాలిని అంతకన్నా బాగా తట్టుకుంటుంది. గిజిగాళ్లు గూళ్లు కట్టుకునేదీ దీని ఆకులకే. రొయ్య రైతులకు పక్షుల భయం ఉంది, అది కాదనలేం. కానీ దానికి చెరువు మీద వల కట్టుకోవచ్చు. 15 ఏళ్లు పెరిగిన చెట్టును మాత్రం మళ్లీ తెచ్చుకోలేం.

సంచుల్లో మొక్క ఎందుకు చస్తుందంటే, పైన తేగల జవాబులో చెప్పినట్టు మొలక ముందు రెండడుగులు కిందికి దిగుతుంది. అడుగు లోతు సంచిలో అది చుట్టలు తిరిగి, నాటేటప్పుడు విరుగుతుంది. భాద్రపదంలో టెంకలనే నేరుగా గట్టు మీద నాటండి. గట్టు పైభాగంలో, పదేసి అడుగులకు ఒక అడుగు లోతు గుంట తీసి, వదులు మట్టి నింపి, గుంటకు రెండు మూడు టెంకలు బెత్తెడు లోతులో పెట్టండి. నీరు తగిలే గట్టు అడుగున వద్దు. ఆకు పైకి రావడానికి నెలలు పడుతుంది, మరుసటి వానాకాలం దాకా కనబడకపోవచ్చు. మొలవలేదని ట్రాక్టరు తోలేయడం వల్లే సగం చనిపోతాయి, మిగతావి మేకలు, గట్టు మంటలు తినేస్తాయి. గుంట పక్కన ఒక కర్ర పాతి గుర్తు పెట్టండి. పోతుతాడో పండుతాడో పూత వస్తేగానీ తెలియదు, అందుకు 12 ఏళ్ల పైన పడుతుంది. కాలువ గట్టు, మురుగుకాలువ గట్టు అయితే నాటాలన్నా కొట్టాలన్నా జలవనరుల శాఖ అనుమతి తీసుకోవాలి.

పిడుగు ఎత్తైనదాని మీద పడుతుంది, అందుకే పొలాల్లో తాడి మీద పడటం చూస్తుంటాం. ఆ ఆలోచనతోనే బంగ్లాదేశ్ ప్రభుత్వం 2017లో పెద్ద ఎత్తున తాటి టెంకలు నాటించే పని చేపట్టింది. అలాగని చెట్టు కింద ఉన్నవాళ్లకు రక్ష లేదు. చెట్టు మీద పడిన పిడుగు పక్కనున్న మనిషిలోకి దూకుతుంది, వేళ్ల చుట్టూ నేలలోనూ పాకుతుంది. ఉరుము వినబడగానే తాడి నుంచి దూరంగా పోయి, పక్కా ఇంట్లోకి చేరాలి.

ప్రశ్న: పాత తాడి ఒకటి పడిపోయింది. దూలానికి పనికొస్తుందా, బోదె మీద అడ్డంగా వేసుకోవాలా? (పాలకొల్లు)

చెట్టు వయసు చూడండి. చేవ అంతా బెరడు వెంట నల్లగా ఉంటుంది, నడుమ మెత్తటి పీచు. పాత చెట్టు మొదటి సగంలో ఈ నల్లచేవ మందంగా ఉంటుంది, అది దూలాలకు, వాసాలకు. తల వైపు సగంలో చేవ పలచన, అది ఇంటి కప్పుకు వద్దు. నిలువునా నాలుగుగా చీల్చి, లోపలి మెత్తటి భాగం మొత్తం చెక్కేయండి. అది మిగిలితే చెదలు అక్కడే మొదలవుతాయి. చీల్చిన ముక్కలను నెలపైన చెరువు నీళ్లలో నానబెట్టి నీడన ఆరబెడితే పురుగు తక్కువ పడుతుంది. తల వైపు భాగాన్ని బోదె దాటడానికి అడ్డంగా వేసుకోవచ్చు, లేదా నడుమ తొలిచి పొలానికి తాటి తూముగా వాడొచ్చు. కొల్లేట్లో దోనెలు చేసేది కూడా ఈ మానులనే తొలిచి.

ప్రశ్న: ఇంట్లో తాతల నాటి తాటాకు పొత్తి దొరికింది. ఆకులు పెళుసుబారి అతుక్కుపోయాయి. (రాజమహేంద్రవరం)

బలవంతంగా విడదీయకండి, తడిగుడ్డతో తుడవకండి. గంటంతో (ఇనుప కలంతో) గీసిన గీతలో నింపిన మసి తడికి ఊడిపోతుంది. విడిగా ఉన్న ఆకుల మీది దుమ్మును మెత్తటి పొడి బ్రష్షుతో దులిపి, దూదితో నిమ్మగడ్డి నూనె అతి పలచగా అద్దండి. ఆకు కాస్త వంగుతుంది, పురుగూ రాదు. నీడన ఒక రోజు ఆరనిచ్చి, రెండు చెక్కల మధ్య పెట్టి నూలుగుడ్డలో చుట్టండి. దారం బిగించి కట్టొద్దు, ఆకు రంధ్రం దగ్గర చిరుగుతుంది. అతుక్కున్నవాటి జోలికి మాత్రం మీరు వెళ్లకండి. మీ ఊళ్లో గౌతమీ గ్రంథాలయంలో తాళపత్రాలు ఉన్నాయి. వాటిని చూసుకునేవాళ్లకు పొత్తి ఎలా ఉందో అలాగే చూపించి, విడదీసే పని వాళ్ల సలహా మీద చేయించండి.